ఎముకల కొండ మీద ఆల్చిప్పలు

కాళ్ళు కడుక్కుని వచ్చారా అందరూ? సత్తిపండూ, ఆ దిండు భానుది, దానికిచ్చెయ్. నువ్వు ఇటు నా పక్కకి జరుగు. కథ మధ్యలో మంచినీళ్ళని లేస్తే నేను ఊరుకోను, తాగేవాళ్ళు ఇప్పుడే తాగి రండి. దయ్యాల కథా అని అడక్కండి. ఇందులో దయ్యాల్లేవు, అయినా భయపడాల్సిన కథే. నవ్వొచ్చిన చోట నవ్వండి. చాలా చోట్ల రాదు.

అనగనగనగా, నాకు కథలు చెప్పిన మా అమ్మమ్మకి కూడా ఇంకా పాలపళ్ళు రాని కాలంలో, ఒక పెద్ద కొండ. ఆ కొండ కింద ఒక రాజ్యం. దాన్ని కొండ రాజ్యం అనేవారు. అక్కణ్ణించి బండి కట్టుకుని, దారిలో వండుకు తిని, మళ్ళీ కట్టుకుని పోగా పోగా పోగా సముద్రం. ఆ ఒడ్డున ఇంకో రాజ్యం, రేవు రాజ్యం. కొండవాళ్ళు జొన్నలు పండించుకునేవారు, రాళ్ళు కొట్టుకునేవారు. రేవువాళ్ళు వలలు వేసుకునేవారు. ఎవరి తిండి వాళ్ళు తింటున్నారు కదా, ఇంక గొడవేంటి అంటారా? గొడవుంది. తాతల నాటి పగ.

ఆ పగ ఎక్కడుందంటే కొండ నెత్తిన ఉంది. అక్కడొక పెద్ద బండ. ఆ బండలో ఎముకలు. బండ మీద కాదురా, బండలో. సగం రాతి లోపల, సగం బయటికి. పక్కటెముకలు ఒక్కోటీ మనింటి దూలమంత. వెన్నుపూసలు ఒకదాని వెనక ఒకటి వరసగా, ఒక్కోటీ నేను కూర్చునే పీటంత. వాటి చుట్టూ ఆ రాతి నిండా ఆల్చిప్పలు. ఆల్చిప్ప తెలుసుగా? సముద్రంలో బతికే చిన్న ప్రాణి ఇల్లు. రెండు చిప్పలు ఒకదానికొకటి మూతేసినట్టు ఉంటాయి, లోపల మెత్తగా అది దాక్కుంటుంది. అవీ రాయైపోయి ఉన్నాయి, ఎముకలూ రాయైపోయి ఉన్నాయి.

కొండవాళ్ళు ఏం చెప్పుకునేవారంటే, ఆ ఎముకలు మా తాతముత్తాతలవి అనేవారు. అప్పట్లో మనుషులు తాడిచెట్లంత ఉండేవారట. ఒకనాడు వాళ్ళు ఆదమరిచి పడుకుని ఉంటే రేవువాళ్ళు దొంగతనంగా కొండెక్కి చంపేశారట. చంపి ఊరుకోకుండా, ఆ శవాల చుట్టూ కూర్చుని, మూటల్లో తెచ్చుకున్న ఆల్చిప్పలు ఉడకేసుకు తిని, ఎంగిలి చిప్పలు ఆ శవాల మీదే పారేసి పోయారట. చంపారన్న దానికన్నా ఆ ఎంగిలి వాళ్ళని ఎక్కువ కాల్చింది. పోయినవాళ్ళ మీద ఎంగిలి వేస్తారా ఎవరైనా?

అంచేత ఆ చిప్పల్ని కొండ రాజ్యంలో ఎవరూ ముట్టుకునేవారు కాదు. శత్రువుల ఎంగిలి కదా. పిల్లలు పొరపాటున ముట్టుకున్నారనుకో, నెత్తిన నీళ్ళు పోసి, వీపు మీద ఒకటేసి, మళ్ళీ నీళ్ళు పోసేవారు. ఎముకల్ని మాత్రం కళ్ళకద్దుకునేవారు. కొత్తగా గద్దెనెక్కిన ప్రతి రాజూ ఆ ఎముక మీద చెయ్యి వేసి పగ తీరుస్తానని ఒట్టు వెయ్యాలి. అందరూ వేశారు. వేసి కిందికి దిగి చాలామంది భోంచేసి పడుకున్నారు. ఒక రాజు మాత్రం కొంతమందిని పంపి రేవులో పడవలు తగలబెట్టించాడు. అటూ పోయారు, ఇటూ పోయారు, మళ్ళీ సద్దుమణిగింది.

ఊ కొడుతున్నారా? ఏదీ, భాను గొంతు వినపడలేదు.

ఆఁ. అలా ఉండగా ఒక పాతికేళ్ళ కుర్రాడు రాజయ్యాడు. వాడు మంచివాడే. తాగడు, తిరగడు, ఎవర్నీ తిట్టడు. వచ్చిన చిక్కేంటంటే మాటంటే మాటే అనే రకం. ఎముక మీద చెయ్యేసి ఒట్టేశాడు, కిందికి దిగాడు, దిగుతూనే దండోరా వేయించాడు. ఇంటికొక మగవాడు రావాలి, రేవు రాజ్యం మీదికి పోవాలి, వాళ్ళ రక్తం తెచ్చి ఆ బండ కడగాలి అని. చెడ్డవాడైతే మంత్రులు ఏదో ఒకటి చెప్పి ఆపేవారు. మంచివాడికి పట్టిన పంతాన్ని ఎవరాపుతారు?

ఆ దండోరా ఒకింటి ముందు మోగింది. ఆ ఇంట్లో దాలమ్మ అని ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు సింగన్న, కోడలు నూకాలు. సింగన్న రాయి కొట్టి తిరగళ్ళు, రోళ్ళు చేసేవాడు. పొలిమేర సంతలో తిరగళ్ళు అమ్మబోయి, అక్కడ ఎండుచేపలు అమ్ముకుంటున్న నూకాల్ని చూశాడు. ఆ పిల్లది ఏ రాజ్యం? రేవు రాజ్యం. పెళ్ళంటే అటూ ఒప్పుకోలేదు, ఇటూ ఒప్పుకోలేదు. ఆఖరికి వీడు అన్నం మానేసి కూర్చుంటే దాలమ్మ సరేనంది. అంది గానీ, మొహం చిట్లించుకునే హారతిచ్చింది. నేనూ అత్తనే కదా, ఆవిడ బాధ నాకు తెలుసు. కోడలు వండితే మెచ్చుకోవాలని ఉంటుంది, నోరు రాదు.

దాలమ్మ మామూలు మనిషి కాదు, ఆ ఊరికి ముందేడ్పు మనిషి. అంటే ఏంటంటే, ఏటా ఒకరోజు ఆడవాళ్ళంతా కొండెక్కి ఆ ఎముకల దగ్గర రాగాలు తీసి ఏడుస్తారు. మొదట దాలమ్మ గొంతెత్తాలి. ఆవిడ ఎత్తితేనే మిగతావాళ్ళు ఎత్తాలి. వాళ్ళమ్మ అలాగే ఏడ్చింది, వాళ్ళమ్మమ్మ అలాగే ఏడ్చింది. యుద్ధానికి పోయేముందూ అంతే. ఆడవాళ్ళు కొండ మీద ఏడుపెత్తుతారు, కింద సైన్యం ఆ ఏడుపు వింటుంది, విన్నాకే అడుగు కదుపుతుంది. ఏడుపు వినపడకుండా కదిలితే అపశకునం.

ఇప్పుడు చూడండి ఎలా ముడిపడిందో. కొండ నెత్తిన బండ, బండలో ఎముక, ఎముకలో పగ, పగ పట్టి రాజు, రాజు వెనక సైన్యం, సైన్యంలో సింగన్న, సింగన్న ఈటెకి ఎదురుగా రేవు సైన్యం, రేవు సైన్యంలో ముందు వరసలో పోలయ్య. పోలయ్యెవరు? నూకాలు తోడబుట్టిన అన్న. వీడు గెలిస్తే అన్న పోతాడు, వాడు గెలిస్తే మొగుడు పోతాడు. ఆ పిల్ల ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి చెప్పండి? ఎవరు గెలవాలని పెట్టుకోవాలి? పెట్టుకోవడమే మానేసిందట. పొయ్యి ముందు కూర్చుని మంట వంకే చూసేదట. 

సరే. సైన్యం బయల్దేరే రోజు వచ్చింది. పొద్దు పొడవగానే ఆడవాళ్ళంతా కొండెక్కాలి. నూకాలు శత్రువుల ఆడపడుచు, ఇన్నేళ్ళలో ఆ పిల్లని ఒక్కసారి కూడా ఆ కొండెక్కనివ్వలేదు. కానీ దాలమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. భుజం పట్టుకోకపోతే అడుగు పడదు. పట్టుకోవడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? ముసుగు దించుకో, నోరెత్తకు, నా పక్కన నిలబడు అని చెప్పి కోడల్ని తీసుకెళ్ళింది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. బండకి ఒక పక్క పెద్ద పలక విరిగి కిందపడింది. రాయి లోపలి భాగం కొత్తగా తేలింది. అత్తని ఒక చోట కూర్చోబెట్టి, ఎముకల మీద పడ్డ మట్టీ గడ్డీ తీసి శుభ్రం చెయ్యబోయింది నూకాలు. చేస్తూ చేస్తూ ఆ విరిగిన చోట ఆగిపోయింది. ముసుగు తీసేసింది. వంగి, రాళ్ళ మధ్య రాలిపడ్డ ఒక ఆల్చిప్పని వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

ఆడవాళ్ళంతా గుండెల మీద చేతులేసుకున్నారు. ఎంగిలి ముట్టింది, ఎంగిలి ముట్టింది అని గోల. దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఏమే, నా పరువు తీస్తావా, పారెయ్ అది, పారేసి చెయ్యి కడుక్కో అని అరిచింది.

నూకాలు పారెయ్యలేదు. ఇంకోటి తీసింది, చూసింది. ఇంకోటి తీసింది, చూసింది. అప్పుడు అందట:

"ఎంగిలి కాదత్తా. వీటికి మూతే తియ్యలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. నూకాలు విడమర్చి చెప్పిందట. అత్తా, మా రేవులో ఇది మేం రోజూ తినేదే. కుండలో వేసి ఉడికిస్తే నోరు తెరుచుకుంటుంది. లోపలిది గీరుకుని తింటాం, రెండు చిప్పలూ విడిపోతాయి, చెరో పక్కకి విసిరేస్తాం. మా ఇళ్ళ వెనక కుప్పలు కుప్పలుంటాయి, అందులో మూసిన చిప్ప ఒక్కటి వెతికినా దొరకదు. మూత తియ్యకుండా ఎలా తింటారు? ఇవి చూడు, ఇక్కడున్నవి చాలావరకు మూసిన నోరు మూసినట్టే ఉన్నాయి. ఇవి ఎవరూ తినలేదు. ఎవరూ మూటగట్టి మోసుకురానూ లేదు. బురదలో నిలువుగా కూరుకుని బతుకుతాయే, అలాగే ఉన్నాయి. పెద్దవాటి పక్కన పిల్లలున్నాయి, పిల్లల కింద ఇంకా పాతవున్నాయి. ఇవి ఇక్కడే పుట్టి, ఇక్కడే బతికి, పైనుంచి బురద కప్పేస్తే ఇక్కడే పోయాయి. అత్తా, ఇది ఒకప్పుడు సముద్రం అడుగు.

సత్తిపండూ, నువ్వడగబోయేది నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చూడలేదు అంటావు. ఎలా చూస్తార్రా? ఎంగిలని ముట్టుకోనేలేదు కదా. ముట్టుకుంటే గదా, మూసుందో తెరిచుందో తెలిసేది. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. అసహ్యం వాళ్ళ కళ్ళు కప్పేసింది.

దాలమ్మ ముందు నమ్మలేదు. నీ పుట్టింటిని కాపాడుకోవడానికి ఎన్నయినా చెప్తావు అంది. నూకాలు వాదించలేదు. ఆ ఆల్చిప్పని అత్త ముందు బండ మీద పెట్టి పక్కకి జరిగింది.

దాలమ్మ దాని వంక చాలాసేపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటిది ముట్టుకుని ఎరగదు. చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది. వేలితో తాకింది. తీసుకుని అంచు వెంబడే గోరు పోనిచ్చింది. ఎక్కడా సందు లేదు. ఇంకోటి అడిగింది. దానికీ లేదు. అప్పుడు తలెత్తి ఆ పక్కటెముకల వంక చూసిందట. ఇవి మరి అని అడిగింది. నూకాలు నెమ్మదిగా చెప్పింది. నా చిన్నప్పుడు మా రేవులోకి ఒక తిమింగలం కొట్టుకొచ్చి పోయింది అత్తా. మాంసం కుళ్ళిపోయాక మిగిలిన బొమికలు ఇలాగే ఉన్నాయి. దాని వెన్నుపూస మా ఇంట్లో ఇప్పటికీ పీటేసుకుంటాం. చూడు, ఇన్ని పక్కటెముకలున్నాయి, ఇంత వెన్నుంది, కాలి ఎముక ఒక్కటైనా ఉందా? మనిషైతే కాళ్ళుండవా?

దాలమ్మకి ఒక అన్న ఉండేవాడు. ఇందాక చెప్పానే, పడవలు తగలబెట్టడానికి వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడు, తిరిగి రాలేదు. కొండవాళ్ళలో ఒక ఆచారం, పెద్దల ఏడుపు తీరేదాకా సొంతవాళ్ళని పేరుపెట్టి ఏడవకూడదు. పెద్దల ఏడుపు ఎప్పుడు తీరుతుంది? పగ తీరితే. పగ ఎప్పుడు తీరుతుంది? తీరదు. అలా ఆ అన్న పేరు ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. ప్రతి ఏడూ ఆ ఎముకల ముందు నిలబడి, తాతల్లారా ముత్తాతల్లారా అని ఊరందరికన్నా గట్టిగా ఏడ్చేది.

"అయితే ఇన్నేళ్ళూ నేనెవరి కోసం ఏడ్చాను?" అందట దాలమ్మ.

అని చిప్పని ఒళ్ళో పెట్టుకుని, ఏడుపు ఎత్తకుండా అలాగే కూర్చుంది. 

కింద సైన్యం నిలబడి ఉంది. ఈటెలెత్తి, నడుములు బిగించి, కొండ వైపు చెవులప్పగించి నిలబడి ఉంది. ఏడుపు రాలేదు. ఎండెక్కింది. రాలేదు. గుర్రాలు కాళ్ళు మార్చుకుంటున్నాయి. రాలేదు. సింగన్న మనసులో ఏమనుకున్నాడో మరి, మా అమ్మకేమైనా అయిందేమో అనుకుని ఉంటాడు. ఆఖరికి రాజు గుర్రం దిగి, ముసలి మంత్రిని వెంటపెట్టుకుని తనే కొండెక్కాడు.

ఏం దాలమ్మా, ఏడవవేం అన్నాడు రాజు.

ఏడవను దొరా అంది దాలమ్మ.

అమ్మో, రాజుతో ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి! రాజు మొహం ఎర్రబడింది. పక్కనున్న నూకాల్ని చూశాడు, ముసుగు లేదు, చేతిలో ఎంగిలి చిప్ప. సంగతి మొత్తం చెప్పారు. రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. శత్రువు కూతురు, శత్రువు మాట అన్నాడు. మా అమ్మ నాకు పాలతో పాటు ఈ పగ పట్టింది, ఈ పగ చెప్పే జోకొట్టింది, ఇప్పుడు ఎవరో వచ్చి అది చేప అంటే నేను చేపకి కొడుకునా అన్నాడు. వాడి బాధా నిజమే. చిన్నప్పట్నించీ ఎవర్ని తల్చుకుని పెరిగాడో వాళ్ళు అసలు లేనేలేరంటే ఎవరికైనా కాళ్ళ కింద నేల కదిలిపోదూ?

దాలమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. దొరా, దాని మాట నమ్మకు, అది రేవు పిల్ల. నా మాటా నమ్మకు, నేను కొడుకు తల్లిని. ముట్టుకుని చూడు అంది. అని ఆ చిప్ప చాపింది.

అంతమంది ఆడవాళ్ళ ముందు, మంత్రి ముందు, రాజు ఆ ఎంగిలిని చేతిలోకి తీసుకోవాలి. తీసుకున్నాడు. మంచివాడని చెప్పానుగా. తిప్పి చూశాడు. విరిగిన రాతి దగ్గరికి వెళ్ళి తన కత్తి మొనతోనే ఇంకో దాన్ని పెకలించాడు. అదీ మూసే ఉంది. ఇంకోటి. అదీ అంతే.

అప్పుడు ముసలి మంత్రి ఒక మాట అడిగాడు. మంచి మాటే. అమ్మాయ్, ఎప్పుడో ప్రళయం వచ్చి సముద్రం పొంగి ఇవి కొట్టుకొచ్చి ఉండకూడదా అని. నూకాలు కాస్త ఆలోచించింది. అయ్యా, తుఫానుకి కొట్టుకొచ్చినవి నేను చూశాను, అవి విరిగి, విడిపోయి, గడ్డీ గాదంతో కలగలిసి కుప్పపడతాయి. ఇవి కాపురం చేసినట్టు ఉన్నాయి, వరస మీద వరస, వరస మీద వరస. ఒక్క రోజులో జరిగింది కాదు అంది. మంత్రి తలాడించాడు. తనూ మోకాళ్ళ మీద కూర్చుని వరసలు చూడ్డం మొదలెట్టాడు.

అయితే సముద్రం ఇంత కొండెలా ఎక్కింది అని రాజు అడిగాడు. నూకాలు అత్త వైపు తిరిగింది. 

దాలమ్మ ఆ రాతి వంక చూస్తూ ఉంది. ఆ వరసలు చదునుగా లేవు. ఒక పక్క పైకి లేచి ఏటవాలుగా ఉన్నాయి. అప్పుడావిడ అందట, గిన్నెలో పాలు తోడేస్తే పెరుగు చదునుగా పేరుకుంటుంది. గిన్నె వంకరగా ఉన్నా పెరుగు మాత్రం చదునే. పేరుకున్నాక గిన్నెని ఒక పక్కకి ఎత్తితే అప్పుడు పెరుగూ గిన్నెతో పాటే వాలుతుంది. నీళ్ళడుగున బురదా చదునుగానే పేరుకుంటుంది కదా. ఇది వాలి ఉంది. సముద్రం ఎక్కలేదు దొరా. పేరుకున్నాక నేలే లేచింది.

ఎవరు లేపారు అన్నాడు రాజు.

 మంత్రి, ఎవరికీ తెలియనంత నెమ్మదిగా లేచి ఉంటుంది, మన రాజ్యాలూ మన పేర్లూ ఏవీ అప్పటికి లేవు అన్నాడు. రాజు ఆ బండ మీద కూలబడిపోయాడు. ఒట్టు వేశాను కదా మామా, ఇప్పుడా ఒట్టునేం చెయ్యను అని మంత్రిని చిన్నపిల్లాడిలా అడిగాడట. మంత్రి, ఎవరి మీద వేశావో వాళ్ళు ఇక్కడ లేరు నాయనా, వెళ్ళి రేవువాళ్ళకి ఆ మాటే చెప్పు అన్నాడు.

నిద్రొస్తోందా? ఇంక కొంచెమే ఉంది. ఊ కొట్టండి.

కొండ దిగి రాజు ఈటెలన్నీ అక్కడే పెట్టించాడు. సైన్యాన్ని ఇళ్ళకి పంపాడు. తనూ, మంత్రీ, సింగన్నా, నూకాలూ, బండి మీద దాలమ్మా. అంతే, ఇంకెవరూ లేరు. పోగా పోగా పోగా సముద్రం. ఒడ్డున రేవు రాజూ, సైన్యమూ బల్లేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు వరసలో పోలయ్య. నూకాలు అందరికన్నా ముందు నడిచి, అన్నా, చేతుల్లో ఏం లేవు చూడు, చేతుల్లో ఏం లేవు చూడు అని అరుచుకుంటూ వెళ్ళింది. పోలయ్య బల్లెం దించాడు.

కొండ రాజు జరిగింది చెప్పి, మేం మీ మీద వేసిన నింద అబద్ధం అన్నాడు. రేవువాళ్ళు అంత తేలిగ్గా మెత్తబడలేదు. మీ నింద సరే, మా పగ మాటేంటి అన్నారు. వాళ్ళకీ ఉందిట ఒక పగ! పోలయ్య ఊళ్ళోకి వెళ్ళి గుడ్డలో చుట్టింది ఒకటి తెచ్చి విప్పాడు. రోటి పొత్రమంత ఉంది, రాయిలా ఉంది, పైన గీతలు గీతలు. ఏనుగు దవడ పన్ను. సముద్రంలో దూరంగా వలేస్తే అడుగు నుంచి ఇలాంటివి పడతాయట. దంతాలూ పడతాయట, జింక కొమ్ములూ పడతాయట. మా పూర్వీకులకి ఏనుగుల మంద ఉండేది, మీ కొండవాళ్ళొచ్చి దాన్ని సముద్రంలోకి తోలి ముంచేశారు అన్నాడు పోలయ్య.

కొండ రాజు ఆ పన్నుని చేతుల్లోకి తీసుకుని చూశాడు. ఆ పడిన చోట ఇంకేమైనా తగులుతాయా అని అడిగాడు. చెట్ల మొద్దులు తగిలి వలలు చిరుగుతాయి, సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు ఒడ్డుకి దగ్గరగా ఉన్నవి కంటికే కనపడతాయి అన్నారు. పడున్నాయా, నిలబడున్నాయా అన్నాడు రాజు. నిలబడే ఉన్నాయి, వేళ్ళు నేలలోకి దిగి ఉన్నాయి అని పోలయ్య అంటూ అంటూ ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది. చెట్లని ఎవరూ తోలుకొచ్చి సముద్రంలో నాటరు కదా. అక్కడ అడివుండేది. ఏనుగులు అందులో తిరిగేవి. తరవాత ఆ నేల నీళ్ళ కిందికి పోయింది. ఇక్కడ నేల దిగింది, అక్కడ నేల లేచింది. మధ్యలో వీళ్ళు బల్లేలు నూరుకుంటూ కూర్చున్నారు.

ఇద్దరు రాజులూ ఇంక ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. మగవాళ్ళ మాటలు ఎప్పుడూ పొడుగే. ఆడవాళ్ళ సంగతి చెప్తాను.

నూకాలుకి నాయనమ్మ ఉంది. ముడతలు పడ్డ మొహం, పళ్ళు లేవు, అయినా కళ్ళు చురుగ్గా ఉంటాయి. ఆవిడ రేవులో దాలమ్మ లాంటి మనిషే, వాళ్ళ ఏడుపు ఆవిడే ఎత్తాలి. ఆవిడ పెనిమిటి ఆ పడవలు తగలబడ్డ గొడవలోనే పోయాడు. వియ్యపురాలు వచ్చిందని చాప వేసింది. దాలమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. వదినా, మీ పడవలు తగలబెట్టడానికి వచ్చినవాళ్ళలో మా అన్న ఉన్నాడు, మీ ఆయన పోయింది వాళ్ళ చేతుల్లోనే అయ్యుంటుంది, ఈ మాట చెప్పకుండా నీ చాప మీద కూర్చోలేను అంది.

 నూకాలు అత్త చెయ్యి పట్టుకుంది.   నాయనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉందట. తరవాత అడిగింది:

"నీ అన్న పేరేంటి?"

దాలమ్మ నోరు తెరిచింది.  అన్నేళ్ళుగా పలకని పేరు కదా.  మెల్లిగా, అప్పన్న అంది.

నాయనమ్మ లేచొచ్చి దాలమ్మ రెండు భుజాలూ పట్టుకుంది. ముందు ఆవిడే గొంతెత్తింది. ఓ అప్పన్నా, మా ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా పోయావా నాయనా, నీ చెల్లెలొచ్చింది చూడు నాయనా అని రాగం తీసింది. తన మొగుడి చావుకి కారణమైనవాడి కోసం. ఆ పేరు ఇంకొకరి నోట విన్నాక దాలమ్మకి తన గొంతు తనకి దొరికింది. వదిన పెనిమిటి పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరు పెట్టి తనూ ఏడ్చింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు పట్టుకుని, ఒకరి మనిషి కోసం ఒకరు, పొద్దు వాలేదాకా ఏడ్చారట. బయట రాజులు కూడా మాటలాపేశారట.

అదీ సంగతి. ఆ తరవాత సింగన్న తిరగళ్ళు రేవుకి వెళ్ళాయి, పోలయ్య చేపలు కొండకొచ్చాయి. నూకాలుకి కవలపిల్లలు పుడితే బారసాలకి రెండు రాజ్యాల వాళ్ళూ వచ్చి పడి, వండిన అన్నం చాలక మళ్ళీ ఎసరు పెట్టారట. అందరూ సుఖంగానే ఉన్నారు.

మీరు కూడా ఎవరి మీదైనా కోపం పెట్టుకునేముందు, ఆ సంగతేంటో ఒకసారి చేత్తో ముట్టుకుని చూడండి. పెద్దవాళ్ళు చెప్పారని ఊరికే మోసుకు తిరక్కండి. నేను చెప్పినా సరే. మనం ఈ మంచం వేసుకున్న నేల ఇప్పుడు కదలకుండానే ఉందనుకుంటాం. అది నెమ్మదిగా ఎటో పోతూనే ఉంటుంది, మనకి తెలీదంతే. దాని మీద ఉన్న నాలుగు రోజులూ మన పక్కనున్నవాళ్ళ పేరు పిలుచుకోవాలి.

భాను నిద్రపోయినట్టుంది. నువ్వూ కళ్ళు మూసుకో నాన్నా. కథ తన దారిన కంచి వైపు నడిచిపోతోంది, మనం దుప్పట్లోకి దూరదాం.